గొట్టం మీద ఐదు బొట్లు

తుప్పు వదిలించడానికి కోపం పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ రుద్దుతున్నాను, రుద్దేకొద్దీ చెయ్యి బరువెక్కుతోంది, బరువు పడితే తుప్పుతో పాటు ఇనుము మీది నలుపు కూడా లేచిపోతుంది, అందుకని ఆపి, ఊపిరి వదిలి, ఇంకో చుక్క నూనె వేసి, మళ్ళీ మెల్లగా మొదలుపెడుతున్నాను. మెల్లగా చేస్తే కోపం ఇంకా పెరుగుతోంది. పంజాగుట్ట చౌరస్తాకు ఈవల ఈ బంగారు షాపు సెల్లార్ మెట్ల మీద కూర్చున్నాను, తుపాకిని కీలు దగ్గర విరిచి, గొట్టం తెరిచి ఒళ్ళో పెట్టుకున్నాను, తూటాలు చొక్కా జేబులో ఉన్నాయి, గొట్టంలోంచి చూస్తే అవతలి పార్కింగు ట్యూబులైటు గుండ్రంగా కనిపిస్తోంది, ఖాళీ, ఇందాక కూడా చూశాను, ఖాళీయే. కాళ్ళ కింద కోచింగ్ సెంటర్ల కాగితాలు పరిచాను. బల్కంపేట నుంచి నడిచి వస్తుంటే మైత్రీవనం దగ్గర అవి పంచేవాళ్ళు ఎవరినీ వదలరు, భుజాన తుపాకి సంచి ఉన్న ముసలివాణ్ణి కూడా వదలరు, తీసుకో అంకుల్ అని చేతిలో కుక్కుతారు, ఉద్యోగం గ్యారంటీ అని రాసి ఉంటుందట. ఆ గ్యారంటీ మీద ఇప్పుడు ఎర్రటి పొడి రాలుతోంది. షాపు తెరవడానికి ఇంకా గంట ఉంది. ఈ లోపల తుప్పు పోవాలి, పోయినా పోకపోయినా ఓనరు హనుమత్ప్రసాద్ గారు, ఆయన భార్య జానకీదేవి గారు కారు దిగి రాగానే నేను ఒక మాట అనాలి. తప్పయింది. అంతే. అంటే గుమ్మంలో నా చోటు నాకుంటుంది, అనకపోతే ఆ చోట్లో వేరేవాడు నిలబడతాడు, ఆ వేరేవాడు కూడా వచ్చేశాడు, నాకు మూడు మెట్లు పైన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు.

పెట్టింది ఐదు బొట్లు. నవమి నాడు పొద్దున ఆయుధపూజ అని తూకం మిషను, బిల్లు మిషను, లాకరు తాళాలు, కార్ల తాళాలు అన్నీ పీట మీద సర్దారు. నేను గుమ్మంలో నా పని నేను చూసుకుంటున్నాను. జానకీదేవి గారు పిలిచి, నీ తుపాకి ఇవ్వు ఐలయ్యా, అసలైన ఆయుధం అదే కదా, వీటికి పూజ చేసి దానికి చెయ్యకపోతే ఎలా అన్నారు. నాకు గర్వంగానే అనిపించింది, అబద్ధమెందుకు. తూటా తీసి, గొట్టం చూసి, రెండు చేతులతో ఇచ్చాను. ఆమె పసుపు నీళ్ళలో కలిపి ముద్ద చేసి గొట్టం పొడుగునా వరసగా ఐదు చోట్ల పూసి, దాని మీద కుంకుమ అద్దారు, గొట్టం కర్రతో కలిసే చోట నిమ్మకాయ కోసి బోర్లించారు, కొబ్బరినీళ్ళు చల్లారు. తూకం మిషను మీద మాత్రం ప్లాస్టిక్ కవరు కప్పి ఆ కవరుకు బొట్టు పెట్టారు. లోపలికి నీళ్ళు పోతే మిషను పాడవుతుందట. బిల్లు మిషనుకూ కవరే. నేను చూస్తూనే ఉన్నాను, చూస్తూ ఊరుకున్నాను, దీనికి కూడా ఒక కవరు కప్పమ్మా అని నోటి దాకా వచ్చింది, అమ్మవారి ముందు ఏం మాట అది అని మింగేశాను. మా ఊళ్ళో మేమూ దసరాకు పెట్టేవాళ్ళం బొట్టు. హారతి అవగానే మా నాయన ధోతి కొంగుతో తుడిచేసేవాడు, దేవుడు చూసిండు, చాలు అనేవాడు.

సాయంత్రం మేనేజరు కృష్ణమోహన్ సారు దగ్గరికి పోయి అడిగాను. సార్, జర తుడుచుకుంట, తడి ఇనుముకు మంచిది కాదు. నోరు తెరిచి అడగడమే నాకు ఎక్కువ. ఆయన లోపలికి పోయాడు, మళ్ళీ వచ్చాడు, మేడం గారు వద్దన్నారు ఐలయ్యా, ఉద్వాసన చెప్పేదాకా ముట్టకూడదట అన్నాడు. బయట ముసురు, పూజ పెట్టిన గదికి తలుపులు వేశారు, లోపల దీపం, అగరుబత్తి పొగ, తడి పూలు. ఆ మూడు దినాలు నేను గుమ్మంలో కట్టె పట్టుకుని నిలబడ్డాను. గన్‌మెన్ అని నా చొక్కా జేబు మీద కుట్టి ఉంటుంది, చేతిలో కట్టె. ఎదురుగా ఆటో పెట్టుకునేవాడు, ఏం కాకా, తుపాకి మీ సేటు దగ్గరనే గిరవి పెట్టినవా అని అడిగాడు, పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. నేను నవ్వలేదు. పైన మెట్రో పోయిన ప్రతిసారీ అద్దాలు సన్నగా వణికేవి, ఆ గదిలో నీళ్ళు ఇనుములోకి దిగుతున్న చప్పుడు వినిపిస్తున్నట్టే ఉండేది నాకు, దానికి చప్పుడుండదని తెలుసు, అయినా వినిపించేది.

నూనె నల్లబడింది. గుడ్డ మడత మార్చాలి. పాత పంచె గుడ్డ, మెత్తగా ఉంటుంది, రాగి తీగను ఉండగా చుట్టి దాంతో ముందు రుద్ది, తర్వాత ఈ గుడ్డతో తుడవాలి. రాగి ఇనుము కన్నా మెత్తన, తుప్పును గీకుతుంది కానీ ఇనుమును గీరదు. నిన్న పొద్దున ఉద్వాసన చెప్పి పూలు తీస్తే బొట్లు ఎండిపోయి అట్టలు కట్టి ఉన్నాయి, గోరు పెట్టి లేపాను, పసుపు పెచ్చు లేచింది, కింద ఎర్రగా, పుండు మీది పక్కు లేపితే కనిపించేటట్టు. ఐదు చోట్లా అంతే. నిమ్మకాయ ఉన్నచోట ఇంకా ఘోరం, అక్కడ నలుపంతా తినేసి, నడుమ గరుకుగా లేచింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. కృష్ణమోహన్ సారు వచ్చి వంగి చూసి, ఇంత తుప్పేంటి ఐలయ్యా, చివరిసారి ఎప్పుడు తుడిచావు దీన్ని అన్నాడు. ఎప్పుడు తుడిచావు. వద్దని మాట మోసుకొచ్చిన నోరే అది. ఫోను తీసి ఫొటో కొట్టి అక్కడికక్కడే ఓనరుకు పంపాడు. నా చేతిలో పదునైనదేదీ లేదు, మంచిదయింది.

ఆ ఫొటో జానకీదేవి గారు చూశారట. అప్పటి నుంచి అన్నం ముట్టలేదట. దసరా పూట పూజలో పెట్టిన ఆయుధం తుప్పు పట్టిందంటే అమ్మవారు పూజ అందుకోలేదని, షాపుకు ఏదో కీడు రాబోతోందని ఆమె భయం. నిన్న షాపు మూసే ముందు మేనేజరు నన్ను పక్కకు తీసుకుపోయి, భుజం మీద చెయ్యి వేసి, ఎన్నడూ వెయ్యనివాడు వేసి, మెత్తగా చెప్పాడు. చూడు ఐలయ్యా, నువ్వు సరిగ్గా తుడవలేదు, పూజకు ముందే తుప్పుంది అనుకుంటే ఆవిడ మనసు కుదుటపడుతుంది. రేపు ఇద్దరూ వస్తారు. తప్పయిందమ్మా, నా నిర్లక్ష్యమే అను. సార్ మంచివారు, అక్కడితో వదిలేస్తారు. ఎందుకైనా మంచిదని సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళను ఒక మనిషిని పంపమన్నాను, అంతే, అవసరం పడదులే. నేను ఆయన చేతి వంక చూశాను. తీసేశాడు.

ఆ మనిషే వీడు, నరేశ్. వీడికి నా కొడుకు వయసు. ఏజెన్సీ వాళ్ళ తుపాకి ఇచ్చి పంపారు, కొత్తది, నిగనిగలాడుతోంది, పట్టుకునే తీరు చూస్తే ఒక్కనాడూ పేల్చినట్టు లేదు. వచ్చిన కాడి నుంచి మాట్లాడుతూనే ఉన్నాడు. గింత కష్టమెందుకు కాకా, బజారుల స్ప్రే దొర్కుతది, ఒక్కసారి కొట్టినవంటే నల్లగ కొత్తదాని లెక్క అయితది అన్నాడు. తుప్పు మీద రంగు వేస్తే లోపల తింటూనే ఉంటుంది. చెప్పలేదు. నేను నీ కడుపు కొట్టనీకి రాలే కాకా, రమ్మన్నరు, వచ్చిన అన్నాడు. దానికీ ఏం అనలేదు. చాయ్ తాగుతవా అన్నాడు. తల అడ్డంగా ఊపాను.

"నీ నోటికి సుత లైసెన్సు కావాల్నా కాకా?" అన్నాడు.

వాడి మీద రావాల్సినంత కోపం రాలేదు. మంచివాడిలాగే ఉన్నాడు, అదీ ఒక చికాకే, ఇంత కోపంలో మంచివాడు పక్కన కూర్చుంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. నూనె బుడ్డి వంచాను, నాలుగు చుక్కలు పడ్డాయి. ఇది భూలక్ష్మి కుట్టుమిషను నూనె. నా భార్య చీరలకు ఫాల్స్ కుడుతుంది, రోజంతా ఆ మిషను ముందే. పొద్దున బుడ్డి ఇస్తూ, నోరు అరిగిపోతదా, ఒక్క మాట, నేను దినాం అంట, ఫాల్ వంకరవోయిందంటే తప్పయిందమ్మా అంట, విప్పి మళ్ల కుడ్త, నాకేం తక్కువైంది అంది. నిజమే, దానికేం తక్కువ కాలేదు. కానీ భూలక్ష్మి వంకర కుట్టి తప్పయింది అంటుంది. ఎదుటివాళ్ళు వంకర కట్టుకుని వచ్చి అనమంటే అంటుందా. అడుగుదామనుకున్నాను, సంచి భుజాన వేసుకుని వచ్చేశాను. బల్కంపేట గల్లీలో నడుస్తూ, అమీర్‌పేట బ్రిడ్జి కింద నడుస్తూ, ఆ మాటను నోట్లో వేసుకుని తిప్పి చూశాను, తప్పయిందమ్మా, తప్పయింది సార్, గులకరాయి లెక్క ఈ దవడ నుంచి ఆ దవడకు పోయింది కానీ బయటకు రాలేదు.

మా నాయన అన్నాడు ఆ మాట. ఈ తుపాకి మా నాయనదే, మక్కచేను కాపలాకని లైసెన్సు ఇచ్చారు అప్పట్లో, అడవిపందులు వచ్చి ఒక్క రాత్రిలో చేనంతా దున్నేసేవి, మా నాయన మంచె మీద కూర్చుని గాలిలోకి ఒకటి పేల్చేవాడు, అవి పారిపోయేవి, ఊళ్ళో అందరి చేన్లకూ అదే కాపలా. ఒకసారి ఆ చప్పుడుకు పటేలు ఎద్దు బెదిరి తాడు తెంపుకుని పోయి వాగులో పడి కాలు విరగ్గొట్టుకుంది. తాడు చివికిపోయింది, ఆ సంగతి జీతగాడు వారం నుంచీ చెబుతూనే ఉన్నాడు, పటేలు మార్చలేదు. ఊరంతటికీ తెలుసు. అయినా పంచాయతిలో కూర్చోబెట్టి, ఒక్క మాట అను, అయిపోతది అన్నారు. మా నాయన లేచి నిలబడి, తలగుడ్డ తీసి, తప్పయింది పటేలా అన్నాడు. అయిపోలేదు. ఆ తర్వాత ఎవరి కోడి కనబడకపోయినా, ఎవరి గడ్డివాము అంటుకున్నా, మొదట మా ఇంటి వైపు చూసేవాళ్ళు, ఒప్పుకున్నోడే కదా అనేవాళ్ళు. నేను అప్పుడు మూడో తరగతి. బళ్ళో పలకలు పోతే సారు కూడా నా వైపే చూశాడు. నేను బడికి పోవడం మానేశాను, చేన్లో మంచె కింద పడుకునేవాణ్ణి, పైన మా నాయన, ఆయన ఒళ్ళో ఈ తుపాకి. ఆ మాట ఒకసారి అంటే మనిషికి పట్టుకుంటుంది, రుద్దితే పోదు. ఆ చేన్లు పోయాయి, ప్లాట్లయ్యాయి, పందులు లేవు, కాపలా మిగిలింది. మక్కలకు కాసిన ఇనుమే ఇప్పుడు బంగారానికి కాస్తోంది. దీనికి తేడా తెలియదు. నాకు తెలుసు. మక్కలకు కాసినప్పుడు ఎవరూ దీని మీద నిమ్మకాయ బోర్లించలేదు.

మళ్ళీ గట్టిగా రుద్దుతున్నాను. ఆపు. వేళ్ళ చెమట గొట్టానికి తగలకూడదు, చెమటలో ఉప్పుంటుంది, అది కూడా తుప్పే. మూడు బొట్లు వచ్చేశాయి, నాలుగోది వస్తోంది. తుప్పు పోయినచోట నలుపు లేదు, తెల్లగా, గుండ్రంగా, నడుమ సూది పొడిచినట్టు గుంటలు. మురికైతే కడిగితే పోతుంది, ఇది తినడం, తిన్నది మళ్ళీ రాదు. వరసగా ఐదు గుండ్రని మచ్చలు, ఒకదానికొకటి సమానంగా, జానకీదేవి గారి వేలంత. ఎవరు చూసినా చెప్పగలరు ఇది తుడవకపోతే పట్టిన తుప్పు కాదని. తుడవకపోతే తుప్పు ఇష్టమొచ్చినచోట పడుతుంది, ఇట్లా కొలిచినట్టు పడదు. అందరూ చూశారు, ఫొటోలో కూడా చూశారు, కళ్ళున్నాయి అందరికీ, అయినా నన్నే అనమంటున్నారు. ఆమె భయం పోవాలట. ఆమె భయానికి నా పేరు మందా. భయపడితే భయపడనీ. కాదు, ఆమె చెడ్డ మనిషి కాదు, మొన్న భూలక్ష్మికి జ్వరమొస్తే సోమాజిగూడ ఆసుపత్రిలో తెలిసిన డాక్టరుకు ఫోను చేసి చెప్పింది, ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడం నాకు ఇష్టం లేదు, ఇప్పుడు గుర్తుకు రాకు, పో. ఐదోదీ అయింది. ఇక నిమ్మకాయ చోటు. ఎంత రుద్దినా గరుకు తగులుతూనే ఉంది, వేలికి తగులుతోంది, గుడ్డకు తగులుతోంది, పళ్ళకు తగులుతున్నట్టుంది. ఇక చాలు. పొడి గుడ్డతో అంతా తుడిచి, లోపల ఊచతో ఒకసారి నూనె గుడ్డ లాగి, పైన పలచగా నూనె పూశాను, ఎక్కువైతే దుమ్ము పడుతుంది, పలచగా, కాటుక పెట్టినట్టు. గొట్టం మూసే చప్పుడు సెల్లారంతా మోగింది. నరేశ్ ఫోను దించి చూశాడు. మస్తుగ చేసినవ్ కాకా అన్నాడు. పైనుంచి మేనేజరు పిలిచాడు, వచ్చేశారు, రా.

పైకెక్కాను, నరేశ్ వెనకే వచ్చాడు. షటరు ఇంకా దించే ఉంది. లోపల లైట్లన్నీ వేశారు, సేల్స్ పిల్లలు కౌంటర్ల వెనక వరసగా నిలబడ్డారు. జానకీదేవి గారి ముఖం పీక్కుపోయి ఉంది, నిద్రపోనట్టే ఉంది. ఓనరు చెయ్యి చాపాడు, తుపాకి విరిచి ఖాళీ చూపించి ఇచ్చాను. వెలుతురుకు పెట్టి చూశాడు, బాగానే తుడిచావు అన్నాడు, ఇకమీదట ఇలా కాకుండా చూసుకుంటావుగా అని ఆగాడు. నా మాటకు అక్కడ చోటు వదిలాడు. ఆయన వెనక కృష్ణమోహన్ సారు కళ్ళతో సైగ చేస్తున్నాడు, ఊఁ, ఇప్పుడే. జానకీదేవి గారు నా నోటి వంకే చూస్తున్నారు. నోరు తెరిచాను. ఆ గులకరాయి నాలుక మీదికి వచ్చింది. మా నాయన తలగుడ్డ తీసిన చెయ్యి కనబడింది.

"అమ్మవారి కోపం కాదమ్మా. నా తప్పు సుత కాదు. తడి పసుపు. మూడు దినాలు నన్ను తుడవనియ్యలే."

ఈ షాపులో అన్ని మాటలు నేను ఒక్కసారే ఎన్నడూ అనలేదు. ఓనరు ముఖం మారింది. జానకీదేవి గారు మాత్రం అడిగారు, ఎవరు తుడవనివ్వలేదు అని. మీరే వద్దన్నరట అన్నాను.

"నేనా? నన్ను ఎవరడిగారు?"

అందరి కళ్ళూ ఒక్కచోటికే పోయాయి. కృష్ణమోహన్ సారు నవ్వాడు, చెవి వెనక గోక్కున్నాడు. అదే మేడం, మీరు ప్రసాదాల హడావుడిలో ఉన్నారు, ఇంత చిన్న విషయానికి మిమ్మల్ని ఎందుకు ఇబ్బంది పెట్టడమని నేనే చెప్పేశాను, తప్పయింది మేడం. అనేశాడు. అంత తేలిగ్గా. తుమ్ము వచ్చినంత తేలిగ్గా. నిన్నటి నుంచి నేను నోట్లో పెట్టుకుని మొయ్యలేక చచ్చిన మాట, మా నాయన నడుము వంచిన మాట, అది ఆయన నోట్లోంచి ఉమ్మినట్టు వచ్చి కింద పడింది, అయిపోయింది. జానకీదేవి గారు కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి వదిలారు, అమ్మవారి పటం వైపు తిరిగి చేతులు జోడించారు, పోన్లెండి, తడి వల్లనేనన్నమాట అన్నారు, ముఖంలోకి నెత్తురు వచ్చింది. ఓనరు వాచీ చూసుకుని, సరే సరే, టైమవుతోంది, షటరు ఎత్తండి, నువ్వు గుమ్మంలోకి నడు ఐలయ్యా, నరేశ్ నువ్వు వెళ్ళొచ్చు అన్నాడు. అందరూ కదిలారు. నేను కదల్లేదు. ఇన్నాళ్ళూ కోపమంటే ఇదే అనుకున్నాను, కాదు, ఇప్పుడు వచ్చింది కోపం, అరికాళ్ళ నుంచి వచ్చింది. గన్‌మెన్ గుమ్మంలో నిలబడితేనే షటరు లేవాలి, అది వీళ్ళు పెట్టుకున్న పద్ధతే, నేను పెట్టింది కాదు.

ఏంటి ఐలయ్యా అన్నాడు ఓనరు.

"ఆ మాట నాకు చెప్పలే సార్."

ఏ మాట అన్నాడు ఆయన. నేను కృష్ణమోహన్ వైపు చూశాను. ఇందాకే అన్నాను కదయ్యా అన్నాడు ఆయన. అమ్మకు అన్నరు అన్నాను. ఆయన నవ్వు సగంలో ఆగింది. సేల్స్ పిల్లలు సర్దుతున్న పెట్టెలు ఆపేశారు. బయట ఎవరో షటరు మీద తట్టారు, మొదటి గిరాకి. మేనేజరు నరేశ్ వైపు తిరిగి, నువ్వు వెళ్ళి నిలబడు గుమ్మంలో అన్నాడు. నరేశ్ అప్పటికే తుపాకి సంచిలో పెట్టి జిప్పు లాగుతున్నాడు, ఆ లాగడం ఆపలేదు.

"నన్ను పొమ్మన్నరు గద సార్. పోతున్న," అన్నాడు. మెట్ల దాకా పోయి మళ్ళీ తిరిగి, "అనెయ్యి సార్, షటర్ లేస్తది," అన్నాడు.

ఓనరు ముఖం గట్టిపడింది, నన్నే పొమ్మంటాడనుకున్నాను, పొమ్మంటే పోదామనుకున్నాను, జేబులో తూటాలు తడిమి చూసుకున్నాను. జానకీదేవి గారు ఓనరు చేతిలోంచి తుపాకి తీసుకున్నారు. మచ్చల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమారు, ఐదూ ఆమె వేలికి సరిపోయాయి. నిమ్మకాయ చోట వేలు ఆగింది. రెండు చేతులతో నాకిచ్చి, కృష్ణమోహన్ వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు.

ఇందాక అంత తేలిగ్గా వచ్చిన మాట ఇప్పుడు ఆయనకు రాలేదు. టై సర్దుకున్నాడు. నేల వంక చూశాడు, పటం వంక చూశాడు, షటరు మీద మళ్ళీ తట్టారు.

"తప్పయింది ఐలయ్యా."

సన్నగా, గుటక మింగినట్టు. నాకు వినబడింది. తూటా వేసి గొట్టం మూశాను, పోయి గుమ్మంలో నిలబడ్డాను. కోపం పోయిందా అంటే పోలేదు, పలచగా కూడా కాలేదు, గుంటలు పడినచోట మళ్ళీ ఇనుము మొలవదు. షటరు లేస్తుంటే వెలుతురు ముందు బూట్ల మీద పడింది, తర్వాత మోకాళ్ళ మీద, తర్వాత గొట్టం మీద. ఐదు మచ్చలూ ఎండకు తెల్లగా మెరిశాయి. తట్టిన ఆమె లోపలికి వస్తూ వాటి వంక చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.